తండ్రి అప్పు... కొడుకు సంతకం

నోటు తిరగరాసే నాడు మోసపోతున్న రైతుబిడ్డలు

(మా గ్రామీణ విలేఖరి)

తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చి తీరాలన్న మాట మన పల్లెల్లో వేదవాక్కులా చెలామణీ అవుతున్నది. ఈ మాటను చట్టం 2005లోనే మార్చివేసింది. అయినా ఆ సంగతి ఊళ్లకు చేరలేదు. మూడేళ్లకొకసారి ప్రాంసరీ నోటు తిరగరాసే సమయం వస్తుంది. అప్పిచ్చిన ఆసామి తండ్రితోపాటు కొడుకునూ పిలిపిస్తాడు. "నాయన ముసలివాడైపోయినాడు, నువ్వు కూడా ఒక సంతకం పెట్టు అబ్బాయా" అంటాడు. నలుగురిలో కాదనలేక ఆ కుర్రవాడు సంతకం చేస్తాడు. అంతవరకూ తండ్రిది మాత్రమే అయిన అప్పు ఆ క్షణం నుంచి ఇద్దరిదీ అవుతున్నది.

పాత అనంతపురం జిల్లాలో, అంటే 2022 ఏప్రిల్ 4 తరువాత అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ఈ ప్రాంతంలో, ఈ వ్యవహారం రైతు కుటుంబాలను రెండు తరాలపాటు కట్టిపడేస్తున్నది. కరవు, బోర్లు, గిట్టుబాటు ధర గురించి పత్రికల్లో చాలా వచ్చింది. అప్పు తండ్రి నుంచి కొడుకు మీదికి ఏ దారిన వస్తున్నది, ఆ దారికి అడ్డుకట్ట వేసే వీలుందా అన్నదానిపై మాత్రం చర్చ జరగడం లేదు.

లెక్క ఇదీ

లెక్క కోసం ఒక ఇంటిని అనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఏ పల్లెకు వెళ్లినా ఇంచుమించు ఇటువంటి ఇళ్లు కనబడతాయి.

తండ్రికి యాభై అయిదేళ్లు. కొడుకుకు ఇరవై నాలుగు. ఏడెకరాల మెట్ట. 2016లో ఇంటి ఇల్లాలికి జబ్బు చేసింది. పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి తండ్రి లక్ష రూపాయలు అప్పు చేశాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఆమె దక్కలేదు, అప్పు మిగిలింది. అప్పటికి కొడుకు పదో తరగతి. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించడం దగ్గర నుంచి పశువులకు నీళ్లు పెట్టడం వరకు తండ్రీకొడుకులే చేసుకోవలసి వచ్చింది. చదువు అక్కడితో ఆగింది.

నూటికి రెండంటే లక్షకు నెలకు రెండు వేలు, ఏడాదికి 24 వేలు, మూడేళ్లకు 72 వేలు. 2018లో కరవు వచ్చి చెనిక్కాయ చేతికి రాలేదు. 2019లో నోటు తిరగరాసినప్పుడు వడ్డీని అసలులో కలిపారు. కొత్త నోటు 1,72,000 రూపాయలు. 2022లో మరల తిరగరాశారు. ఆ నోటు 2,95,840 రూపాయలు. 2025లో ఇంకొకసారి రాస్తే అది 5,08,845 రూపాయలు. తొమ్మిదేళ్లలో చేతికి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు. లక్ష అప్పు అయిదు లక్షలు దాటింది.

ఇప్పుడు ఆ అయిదు లక్షల చిల్లరకు నూటికి రెండు చొప్పున నెలకు వడ్డీ ఎంత? 10,177 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2019లో జరిపిన సర్వే ప్రకారం దేశంలో ఒక వ్యవసాయ కుటుంబానికి నెలకు వచ్చే సగటు రాబడి 10,218 రూపాయలు. సేద్యం, కూలి, పాడి అన్నీ కలిపిన లెక్క అది. కుటుంబం నెలంతా కష్టపడి తెచ్చిన సొమ్మంతా వడ్డీకే పోతే పొయ్యి మీద ఎసరు ఎక్కడినుంచి వస్తుంది?

అదే సర్వేలో మన రాష్ట్రం సంగతి కూడా వున్నది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో వున్నాయి. సగటున ఒక్కొక్క కుటుంబం నెత్తిన 2,45,554 రూపాయల అప్పు వున్నది. ఇది దేశంలోనే అత్యధికం. దేశం మొత్తం మీద సగటు 74,121 రూపాయలు మాత్రమే. మన అప్పు అంతకు మూడు రెట్లకు పైన.

బ్యాంకు వుండగా ప్రైవేటు అప్పెందుకు?

ఈ ప్రశ్న అధికారులు తరచు వేస్తుంటారు. బ్యాంకులో పంట రుణం ఏడు శాతం వడ్డీకి వస్తుంది. మూడు లక్షల లోపు రుణాన్ని గడువులో కడితే కేంద్రం ఇచ్చే రాయితీ పోను నాలుగు శాతమే పడుతుంది. లక్షకు ఏడాదికి నాలుగు వేలు. బయట 24 వేలు. తెలిసి తెలిసి ఎవరు బయట తెస్తారు?

కాని పంట రుణం పంటకే. భార్య జబ్బుకు, కూతురి పెళ్లికి, ఎండిపోయిన బోరు పక్కన ఇంకొక బోరు వేయడానికి పంట రుణం రాదు. సేద్యగాడి కష్టాలన్నీ అక్కడే వస్తాయి. అనంతపురం నేల కింద వున్నది రాతి పొర. ఆ రాతి పగుళ్లలో నీరుంటే పడుతుంది, లేకుంటే లేదు. సాలుకు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా అదనులో పడదు. ఒకప్పుడు ఈ జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశెనగ వేసేవారు. వాన తప్పిన ప్రతి ఏడూ ఆ పంటతోపాటు పెట్టుబడి కూడా మట్టిలో కలిసింది. ఒక్క పంట మీద ఆధారపడ్డ రైతు రెండో ఏడు బోరు వైపు చూశాడు. బోరు ఎండింది, అప్పు మిగిలింది.

రెండవ కారణం భూమి కాగితాలు. చాలా ఇళ్లలో పాసు పుస్తకం ఇప్పటికీ తాత పేరు మీదనే వుంటున్నది. అన్నదమ్ములు నోటి మాటతో భాగాలు పంచుకున్నారు, రికార్డు మారలేదు. తన పేర పాసు పుస్తకం, అడంగల్‌లో పేరు లేనివానికి బ్యాంకు గడప దాటినా ఫలితం వుండదు. కౌలుదారు పరిస్థితి మరీ అన్యాయం. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు కార్డు ఇస్తారు. కాని దానికి భూ యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. దాంతో కౌలు రైతు మండీకో, ఎరువుల కొట్టుకో పోక తప్పడం లేదు.

చట్టం ఏమంటున్నది?

పూర్వం హిందూ ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి రుణం తీర్చడం కొడుకుకు పుణ్యకార్యంగా, విధిగా వుండేది. రుణం తీరకపోతే తండ్రికి సద్గతి లేదని నమ్మిక. బ్రిటిషు కాలం నుంచి కోర్టులు కూడా ఆ ధార్మిక బాధ్యతను గుర్తించి కొడుకుల మీద తీర్పులు ఇచ్చాయి. ఊళ్లలో ఇప్పటికీ వినబడే మాటకు మూలం అదే.

2005లో పార్లమెంటు హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన సవరణగా అది అందరికీ తెలుసు. అందులోనే మరొక అంశం వున్నది. ఆ చట్టం అమలులోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పుల విషయంలో, కేవలం ధార్మిక బాధ్యత అన్న కారణంతో కొడుకు మీదగాని, మనుమని మీదగాని వసూలుకు దిగే హక్కును ఏ కోర్టూ గుర్తించరాదని ఆరో సెక్షన్‌లో స్పష్టంగా రాశారు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఈ ధార్మిక బాధ్యత మొదటి నుంచీ వర్తించదు.

అంటే తండ్రి అప్పు గాలికి పోయినట్లా? కాదు. తండ్రి చనిపోతే ఆయన వదిలిన ఆస్తి మీద ఆ అప్పు వుంటుంది. ఆ ఆస్తి వారసులకు ఎంత ముట్టిందో అంత మేరకు వారు బాధ్యులు. రెండు లక్షల విలువైన ఆస్తి వస్తే రెండు లక్షల వరకే. ఏమీ రాకపోతే ఏమీ లేదు. పిత్రార్జితమైన ఉమ్మడి భూమి వుండి, ఇంటి పెద్దగా తండ్రి కుటుంబ అవసరానికో, సేద్యానికో అప్పు చేసి వుంటే ఆ ఉమ్మడి భూమిలో కొడుకు వాటా మీదికి కూడా అప్పు రావచ్చు. ఈ సంగతి మరచిపోరాదు. అయితే కొడుకు బెంగళూరులో ఇటుకలు మోసి, బండి తోలి సంపాదించుకున్న సొంత సొమ్ము మీదికి, అతడు కొనుక్కున్న సొంత ఆస్తి మీదికి ఆ అప్పు రాదు.

సంతకం పడితే...

పైన చెప్పిన రక్షణ అంతా కొడుకు సంతకం చేయనంతవరకే. నోటు మీద తండ్రి పేరు కింద కొడుకు పేరు పడిందంటే అతడు ఇక వారసుడు కాదు, స్వయంగా అప్పుదారు. తండ్రి అప్పు కదా అని కోర్టులో చెబితే చెల్లదు. అతని కూలి డబ్బుతో కొన్న బండి, రేపు కొనబోయే స్థలం కూడా దానికి జవాబుదారీ అవుతాయి.

వడ్డీ వ్యాపారం తెలిసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. నోటుకు చట్టం ఇచ్చిన ఆయుష్షు మూడేళ్లు. అది దాటితే దావా నిలవదు. కనుక మూడేళ్లు నిండే లోపల తిరగరాయించుకోవాలి, లేదా వెనుక చెల్లు వేయించుకోవాలి. వంద రూపాయలు కట్టినట్లు చెల్లు రాసి అప్పుదారు సంతకం చేసినా మూడేళ్ల గడువు మరల మొదలవుతుంది. తండ్రికి వయసు మీదపడుతున్న కొద్దీ ఆయన సంతకం విలువ తగ్గుతుంది. అప్పుడే కొడుకు మీద చూపు పడుతుంది.

ఇటీవల మరొక పద్ధతి కనబడుతున్నది. కొడుకు పేర బ్యాంకు ఖాతా వుంటుంది కాబట్టి ఖాళీ చెక్కులు తీసుకుంటున్నారు. నోటు అప్పు సివిలు వ్యవహారం. చెక్కు వెనక్కి వస్తే క్రిమినల్ కేసు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సేద్యం అప్పులో పుట్టిన తగాదా పిల్లవానిని క్రిమినల్ కోర్టు మెట్లెక్కిస్తున్నది. ఖాళీ నోటు కూడా అంతే ప్రమాదం. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇస్తే, పట్టుకున్నవాడు దానిని నింపుకొనే అధికారం చట్టమే ఇస్తున్నది. అంకె, అక్షరాలు, తేదీ, వడ్డీ రాయని కాగితం మీద ఎంత దగ్గరివాడు అడిగినా సంతకం చేయరాదు.

తండ్రి దాచిన లెక్క

ఇక్కడ తండ్రుల సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పు ఎంత వున్నదీ కొడుకుకు చెప్పే తండ్రులు తక్కువ. బిడ్డ దిగులుపడతాడని కొందరు, పరువు పోతుందని కొందరు దాస్తారు. వడ్డీ ఒకరికి కట్టడానికి ఇంకొకరి దగ్గర తెస్తారు. ఇల్లాలు బతికి వుంటే ఆమె మెడలో గొలుసు కుదువకు పోయినప్పుడైనా ఇంట్లో తెలుస్తుంది. ఆమె లేని ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాట కలిపేవారే వుండరు. ఒకే గుడిసెలో ఒకే కంచంలో తిన్నా, ఒకరి బాధ ఒకరికి చెప్పుకోరు. తండ్రికి కొడుకు పెళ్లి బెంగ. అప్పుల ఇంటికి, అందులోనూ సేద్యం చేసే కుర్రవానికి పిల్లనిచ్చేవారు కరవయ్యారు. కొడుకుకు తండ్రి ఒంటరితనం బెంగ. బెంగళూరు పోతే నాలుగు రూపాయలు వస్తాయి, పోతే ఇంట్లో ముసలాయనకు ముద్ద పెట్టే దిక్కుండదు. కదిరి, కళ్యాణదుర్గం ప్రాంతాల నుంచి వలస పోయే కుర్రకారులో చాలామందిది ఇదే పరిస్థితి.

ఈ దాపరికం ఎక్కడికి దారి తీస్తున్నదో మన జిల్లా పాతికేళ్లకు పైగా చూస్తున్నది. అప్పుల బాధకు తండ్రి ప్రాణం తీసుకున్న ఇళ్లలో, ఎవరికి ఎంత ఇవ్వాలో దినకర్మల నాడు అప్పులవారు వచ్చి చెబితేగాని కొడుకుకు తెలియడం లేదు. ఆ దుఃఖంలో, బంధువులందరి మధ్య, "నేను తీరుస్తాను" అని అతడు ఒప్పుకుంటాడు. నోటు కొడుకు పేర తిరగరాయించుకొనేది కూడా ఆ రోజుల్లోనే.

ప్రభుత్వ సాయం సంగతి చూద్దాం. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 2004లో 421 నంబరు జి.ఓ. కింద లక్షన్నర రూపాయలు నిర్ణయించారు. అందులో లక్ష కుటుంబానికి, 50 వేలు అప్పులవారితో ఒకేసారి పరిష్కారానికి. 2015లో ఆ మొత్తాన్ని అయిదు లక్షలకు, 2019లో ఏడు లక్షలకు పెంచారు. ఆ జి.ఓ. ప్రకారం ఆర్.డి.ఓ., డి.ఎస్.పి., వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు సభ్యులుగా వుండే కమిటీ విచారణ జరపాలి. చనిపోయినది రైతేనా, అప్పు వుండిందా, ఆ అప్పు సేద్యానిదేనా అని చూడాలి. పాసు పుస్తకం తాత పేర వుంటే రైతు అని రుజువు చేయడమే కష్టం. ప్రైవేటు అప్పుకు రుజువు నోటు. ఆ నోటు అప్పిచ్చినవాని పెట్టెలో వుంటుంది. కమిటీ ముందుకు తేవడానికి అతడు ముందుకు రాడు. ఇక భార్య జబ్బుకు చేసిన అప్పును సేద్యపు అప్పుగా లెక్కలోకి తీసుకోరు. రైతు ఇంట్లో సేద్యానికి ఒక సంచి, జబ్బుకు ఒక సంచి విడివిడిగా వుంటాయా? ఈ కారణాల వల్ల అర్హత వుండి కూడా సాయం అందని కుటుంబాలున్నాయి.

తండ్రి బతికి వుండగానే లెక్క చెప్పుకొంటే ఇదంతా తప్పుతుంది. మనసు బరువైనప్పుడు 14416 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కేంద్రం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. ఇంట్లో పెద్దాయన తిండి మానివేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, అందరికీ అప్పగింతలు పెడుతున్నట్లు మాట్లాడినా కొడుకు దానిని తేలికగా తీసుకోరాదు.

మాట పోతుందన్న భయం

చట్టం సంగతి చెప్పగానే పల్లెల్లో పెద్దలు వేసే ప్రశ్న ఒకటున్నది. "అప్పు ఎగ్గొట్టమని చెబుతున్నారా? రేపు ఎవరిస్తారు?" అని. ఇది న్యాయమైన ప్రశ్నే. అప్పిచ్చేవారందరూ రక్తం తాగేవాళ్లు కారు. పక్క చేను ఆసామి బిడ్డ పెళ్లికి దాచుకున్న డబ్బు ఇచ్చి వుండవచ్చు. రిటైరైన పంతులుగారు ఇచ్చి వుండవచ్చు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వచ్చినప్పుడు బ్యాంకు తలుపు తెరవదు. ఆ ఆసామే తెరిచాడు. ఆ మేలు మరవడం ధర్మం కాదు.

కాని లక్ష ఇచ్చినవానికి లక్ష, దానిపై న్యాయమైన వడ్డీ తిరిగి ఇవ్వడం వేరు. వడ్డీ మీద వడ్డీ కట్టి అయిదు లక్షలు చేసిన కాగితానికి పిల్లవాని భవిష్యత్తు రాసివ్వడం వేరు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో రైతు అప్పుల మీద వడ్డీని తగ్గించే చట్టం మద్రాసు రాష్ట్రంలో వున్న కాలంలోనే, 1938లో వచ్చింది. కోర్టులో నేను రైతును, ఆ చట్టం నాకు వర్తింపజేయండి అని అప్పుదారు అడగాలి. అడగనివానికి కోర్టు తనంత తాను ఇవ్వదు. అడిగేవారు ఎందరు? దావా సమను రాగానే తీసుకోకుండా ఊరు విడిచి తప్పించుకొనేవారే ఎక్కువ. తప్పించుకుంటే కేసు పోదు. ఏకపక్షంగా డిక్రీ వస్తుంది. ఆ డిక్రీకి పన్నెండేళ్ల ఆయుష్షు.

కోర్టుకు పోయి చెప్పుకొంటే రైతుకు కొన్ని రక్షణలున్నాయి. సేద్యగాడు కాపురముంటున్న ఇల్లు, మడక, గుంటక వంటి పనిముట్లు, ఎద్దులు, విత్తనాలు మామూలు నోటు బాకీ డిక్రీలో జప్తు చేయరాదు. కూలివాని కూలి కూడా జప్తు చేయరాదు. అయితే ఇల్లు తాకట్టు పెట్టి రిజిస్టరు చేసిచ్చిన అప్పుకు ఆ ఇంటి విషయంలో ఈ రక్షణ వుండదు. నిజంగా కట్టలేని పేదవానిని బాకీ కోసం జైలులో పెట్టరాదని సుప్రీంకోర్టు 1980లోనే తీర్పు చెప్పింది. "జైలుకు పంపిస్తా" అన్న బెదిరింపుకు కుర్రవాళ్లు సంతకాలు పెడుతున్నారు. కట్టే స్తోమత వుండి దురుద్దేశంతో ఎగవేసేవాని సంగతి వేరు. తీర్పు సమయంలో కోరితే వాయిదాల మీద చెల్లించే వీలు కూడా కోర్టు కల్పించవచ్చు.

మాఫీలు ఏ మేరకు?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడానికి లేదు. 1977లో రాష్ట్రంలో వచ్చిన రుణ విముక్తి చట్టం చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, చేతిపనివారి పాత అప్పులను రద్దు చేసింది. ప్రైవేటు అప్పుల జోలికి వెళ్లిన చట్టం అది. ఆ తరువాత వచ్చిన పెద్ద మాఫీలు రెండూ, 2008లో కేంద్రం చేసినదీ, 2014లో రాష్ట్రం ప్రకటించినదీ, బ్యాంకు, సహకార సంఘం అప్పులకే. మనం పైన లెక్క వేసిన ఇంటికి ఆ రెండింటి వల్లా ఆ నోటు మీద పైసా తగ్గదు.

పని కల్పించే పథకాలు కొంత ఆదుకున్న మాట నిజం. గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట ప్రారంభమైనది మన జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ దానిని ప్రారంభించారు. ఏడాదికి వంద రోజుల పని హామీ ఇచ్చిన ఆ పథకం కరవు ఏళ్లలో ఎందరి ఇళ్లలోనో సంగటి ముద్దకు లోటు లేకుండా చేసింది. అయితే నెలకు పదివేలు వడ్డీ నడుస్తున్న ఇంటిని కూలి డబ్బు గట్టెక్కించలేదు.

చేయవలసినది

మొదటి పని ఇంట్లోనే జరగాలి. తండ్రీకొడుకులు ఒక పూట కూర్చుని ఒక కాగితం మీద అప్పులన్నీ రాసుకోవాలి. ఎవరి దగ్గర, ఏ తేదీన, చేతికి ముట్టినది ఎంత, వడ్డీ ఎంత, ఇంతవరకు కట్టినది ఎంత, నోటు మీద ఎవరెవరి సంతకాలున్నాయి, నోటు గడువు ఎప్పటికి తీరుతుంది అన్నవి వుండాలి. చేతికి ముట్టిన సొమ్ము వేరుగా, కాగితం మీద పెరిగిన సొమ్ము వేరుగా రాస్తే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. అక్షరం రాని తండ్రి అయితే కొడుకు రాయాలి. ఆడపిల్లలు అత్తవారిళ్లలో వున్నా ఈ లెక్క వారికి కూడా తెలియాలి. భూమిలో వారికీ వాటా వుంది.

రెండవది, నోటు తిరగరాసే నాడు కొడుకు సంతకం ఇవ్వకుండా తండ్రి స్వయంగా అడ్డుపడాలి. "నా బాకీ నాది, నా బిడ్డను దీంట్లోకి లాగవద్దు" అని చెప్పే హక్కు తండ్రికి వుంది. కొడుకు చేతనైనంత కట్టాలనుకుంటే కట్టవచ్చు. కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. నోటు మీద చెల్లు తండ్రి సంతకంతోనే పడాలి. బాకీ తీరిన రోజున నోటు వెనక్కి తీసుకుని చించివేయాలి. నోటు ఎక్కడో పోయిందని చెబితే, బాకీ పూర్తిగా ముట్టినట్లు సాక్షులతో రసీదు రాయించుకోవాలి.

మూడవది, ఇరువురికీ ఆమోదమైన మొత్తానికి రాజీ చేసుకోదలిస్తే లోక్ అదాలత్ వున్నది. దావా వేయక ముందే అక్కడికి పోవచ్చు. ఫీజు వుండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ వుంటుంది, దానిపై అప్పీలు లేదు. అప్పిచ్చిన ఆసామికి కూడా ఇది లాభమే. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే ఖర్చు తప్పుతుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, స్త్రీలకు, తక్కువ ఆదాయం గలవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు తెలుసుకోవచ్చు.

నాలుగవది రెవెన్యూ అధికారుల పని. తాత పేర వుండిపోయిన పాసు పుస్తకాలను వారసుల పేర మార్చే పని ఊరి వద్దకే వచ్చి చేయాలి. అందుకు రైతును మండలం చుట్టూ తిప్పరాదు. పేరు మారితే పంట రుణం నాలుగు శాతానికి అందే దారి తెరుచుకుంటుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ అవసరం కొంతైనా తగ్గుతుంది. న్యాయ సేవల సంస్థవారు పట్నంలో జరిపే సదస్సులను గ్రామ సచివాలయాలలో, పాల కేంద్రాల వద్ద, సంతలలో జరపాలి. 2005 సవరణలోని ఆ నాలుగు మాటలను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ప్రతి సచివాలయం గోడ మీద అంటించాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, బడ్జెటు అక్కరలేదు. జిల్లా కలెక్టరు ఒక్క ఉత్తరువు ఇస్తే చాలు.

ఇక జబ్బుల అప్పు సంగతి పాలకులు విడిగా ఆలోచించాలి. రైతు ఇంటిని కూల్చేది పంట నష్టం ఒక్కటే కాదు. మండల కేంద్రంలోని ఆసుపత్రిలో డాక్టరు, మందులు, పరీక్షలు సక్రమంగా వుంటే పట్నం ప్రయాణాలు, వాటికోసం అర్ధరాత్రి అప్పులు చాలావరకు తప్పుతాయి. విచారణ కమిటీలు కూడా సేద్యపు అప్పు, ఇంటి అప్పు అని గీత గీయడం మానుకోవాలి.

ఈ ఏడాది నోట్ల గడువు దగ్గరపడిన ఇళ్లు ప్రతి ఊళ్లో వున్నాయి. ఆ ఇళ్లలో తండ్రులు, కొడుకులు నోటు తిరగరాయడానికి పోయే ముందే ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడం, సంతకం చేసే ముందు వకీలును అడగడం ఎంతైనా అవసరం.